వైరుధ్యంలో యువత ఎటువైపు? చైనా పార్టీ యువజన పని గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ఎంఏలో గతితర్కం సూత్రాలన్నీ చదివాను. అధికారంలో ఉన్న చైనా కమ్యూనిస్టు పార్టీ యువతతో చేసే పనిలో వాటిని నిజంగా వాడుతుందా, లేక ఉపన్యాసాల్లో చెప్పుకోవడానికేనా? సెమినార్ పేపర్ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు."

నేను డిగ్రీ కాలేజీలో 30 ఏళ్లకు పైగా రాజనీతి శాస్త్రం చెప్పాను. 1980, 90 దశకాల్లో ఒక వామపక్ష యువజన సంఘానికి రాజకీయ తరగతులు కూడా తీసుకున్నాను. ఆ రెండు అనుభవాలతో చెబుతున్నాను. గతితర్కాన్ని, అంటే పరస్పరం ఢీకొనే పక్షాల మధ్య వైరుధ్యంలోంచే మార్పు వస్తుందని చూసే పద్ధతిని, పార్టీ వాడుతుంది, మాటల్లోనే కాదు, చేతల్లో కూడా. వాడినప్పుడు మంచి ఫలితాలు వచ్చిన సందర్భాలున్నాయి. కానీ ఒక చోటికి వచ్చేసరికి ఆ పద్ధతి ఆగిపోతుంది. యువత వేసే ప్రశ్న పార్టీ అధికారం మీదికే వచ్చినప్పుడు, ఆ వైరుధ్యం మిత్ర వైరుధ్యమా (తమవాళ్ల మధ్య ఉండి మాటలతో తీరేది), శత్రు వైరుధ్యమా (శత్రువుతో ఉండేది, అణచాల్సింది) అని తేల్చే హక్కు పార్టీ చేతిలోనే ఉంటుంది. పార్టీ ఆ వైరుధ్యంలో ఒక పక్షం. ఒక పక్షమే తీర్పరి కూడా అయితే ఏమవుతుందన్నదే మీ పేపర్‌కు అసలు విషయం అని నా అభిప్రాయం.

ముందు ఒక చిన్న సవరణ. చాలా గైడ్లలో మార్క్స్ గతితర్కం అంటే "వాదం, ప్రతివాదం, సంవాదం" అని ఉంటుంది. మార్క్స్ తన పద్ధతిని ఆ మూడు మాటల్లో ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ చట్రం పట్టుకుని పేపర్ రాస్తే ప్రతి సంఘటననూ మూడు పెట్టెల్లో సర్దడంతోనే సరిపోతుంది. యువజన పనికి పనికొచ్చేది మావో 1937లో అప్పటి పార్టీ స్థావరం యెనాన్‌లో వైరుధ్యాల గురించి చెప్పిన మాట. వైరుధ్యం అంతటా ఉంటుంది, అయితే ప్రతి దానికీ దాని విశిష్టత ఉంటుంది, ఆ విశిష్టతను పట్టుకోకుండా పరిష్కారం దొరకదు అన్నాడాయన. కార్మికుడి సమస్య, రైతు సమస్య, 18 ఏళ్ల విద్యార్థి సమస్య ఒకే అచ్చులో పోసినవి కావు.

అంతకన్నా ముందు లెనిన్ దగ్గరికి వెళ్లాలి. 1916 డిసెంబర్‌లో, ఇంకా ప్రవాసంలో ఉండగా, యువజన అంతర్జాతీయ సంస్థ పత్రిక మీద ఆయనొక చిన్న వ్యాసం రాశాడు. నడివయసువాళ్లకూ పెద్దవాళ్లకూ యువతను ఎలా దగ్గరికి తీయాలో తరచూ తెలియదని, యువత తమ తండ్రుల దారిలో కాకుండా వేరే దారిలో, వేరే రూపాల్లో, వేరే పరిస్థితుల్లో సోషలిజానికి రావడం అనివార్యమని అందులో అంటాడు. అందుకే యువజన సంఘానికి నిర్మాణపరమైన స్వతంత్రత ఉండాలి, వాళ్ల తప్పులను మాత్రం స్నేహంగా విమర్శించాలి అని తేల్చాడు. ఇది పార్టీ చేతిలో అధికారం లేనప్పటి మాట. 1917లో రష్యా విప్లవం వచ్చింది. 1918 అక్టోబర్‌లో అక్కడి కమ్యూనిస్టు యువజన సంఘం కొమ్సొమోల్ ఏర్పడింది. కొద్ది కాలంలోనే అది పార్టీ నాయకత్వం కింద, పార్టీ కార్యక్రమం ప్రకారం నడిచే సంస్థ అయింది. చైనా పార్టీకి అనుబంధ యువజన సంఘమైన యువజన లీగ్‌కు నమూనా ఆ కొమ్సొమోలే తప్ప 1916 నాటి లెనిన్ వ్యాసం కాదు.

చైనాలో లీగ్ చరిత్ర పార్టీ చరిత్రంత పాతది. 1919 మే 4 ఉద్యమం విద్యార్థులది. 1922 మేలో గ్వాంగ్‌జౌలో సోషలిస్టు యువజన లీగ్ మొదటి మహాసభ జరిగింది, 1925లో అది కమ్యూనిస్టు యువజన లీగ్ అయింది. తర్వాతి మార్పుల్లోకి వెళ్లను. 1949లో పార్టీ అధికారంలోకి వచ్చే సమయానికి నవప్రజాస్వామిక యువజన లీగ్ పేరుతో మళ్లీ కట్టారు. పార్టీకి సహాయకుడు, పార్టీకి రిజర్వు బలం: లీగ్‌కు ఇచ్చిన నిర్వచనం ఇది.

ఇక 1953 జూన్ 30. లీగ్ రెండో మహాసభ అధ్యక్షవర్గాన్ని కలిసినప్పుడు మావో చేసిన ప్రసంగం మీరు తప్పకుండా చదవాలి. గతితర్కాన్ని యువజన పనికి అన్వయించడంలో ఇంత చక్కటి ఉదాహరణ నాకు ఇంకొకటి కనపడలేదు. యువత గురించి మాట్లాడమంటే త్యాగాలు, కర్తవ్యాలు చెబుతారని మనం అనుకుంటాం. ఆయన నిద్ర గురించి మాట్లాడాడు. 14 నుంచి 25 ఏళ్ల వయసు ఒళ్లు ఎదిగే వయసు, చదువుకూ పనికీ కూడా అదే వయసు, ఎదుగుదలను పట్టించుకోకపోతే ప్రమాదం అన్నాడు. విద్యార్థులకు కాగితం మీద 8 గంటల నిద్ర ఉంది, నిజానికి 6, 7 గంటలే పడుకుంటున్నారు, దాన్ని 9 గంటలు చేయాలి అన్నాడు. ఒక కొసన చదువు, పని. ఇంకో కొసన నిద్ర, విశ్రాంతి, ఆటపాటలు. రెండు కొసలనూ పట్టుకోవాలని ఆయన చెప్పింది. ఒకదాన్ని బలిపెట్టి రెండోదాన్ని సాధించలేం. వైరుధ్యాల ఐక్యత అంటే ఏమిటో తరగతిలో చెప్పాలంటే నేను ఈ నిద్ర ఉదాహరణే చెప్పేవాణ్ని.

అసలు ఆ ప్రసంగం విలువ నాకు తెలిసొచ్చింది ఒక గ్రానైట్ పాలిషింగ్ కుర్రాడి వల్ల. 1992లో అనుకుంటాను, ఖమ్మం దగ్గర ఆదివారం పొద్దున 9 గంటలకు తరగతి పెట్టాం. రెండో వరుసలో కూర్చున్న కుర్రాడు పావుగంటకే గోడకి తల ఆనించి నిద్రపోయాడు. పక్కనున్న సంఘం బాధ్యుడు భుజం తట్టి లేపి, "తరగతికొచ్చింది నిద్రపోవడానికా?" అని అందరి ముందూ గద్దించాడు. కుర్రాడు ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర చూశాను. అరచేతి గీతల్లోనూ గోళ్ల చుట్టూ తెల్లటి రాతిపొడి ఉండిపోయింది. ఎంత కడిగినా పోవడం లేదు సార్ అంటూ ఎడమచేత్తో విస్తరి సర్దుకున్నాడు. రాత్రంతా పాలిషింగ్ యూనిట్‌లో షిఫ్ట్ చేసి, పొద్దున 6 గంటలకు దిగి, ఇంటికి కూడా పోకుండా తరగతికి వచ్చాడు. వర్గం గురించి మేము రెండు గంటలు మాట్లాడాం. ఆ గదిలో అందరికన్నా ఎక్కువ ఆ మాటకు చెందిన మనిషిని నిద్రపోయినందుకు తిట్టాం. తర్వాతి తరగతి సాయంత్రం 5 గంటలకు మార్చాం. వాడు మెలకువగా కూర్చున్నాడు, ప్రశ్నలు కూడా అడిగాడు. విశిష్టతను గుర్తించడమంటే ఇంత చిన్న పని. ఇది చేయకపోతే మిగతా సిద్ధాంతం ఎంత చెప్పినా లాభం లేదు.

1953 ప్రసంగంలో ఇంకో రెండు మాటలున్నాయి. లీగ్ పార్టీ మీద స్వతంత్రం ప్రకటించుకుంటోందన్న సమస్య ఎప్పుడో పోయింది, ఇప్పటి సమస్య లీగ్‌కు తనదైన స్వతంత్ర కార్యకలాపం లేకపోవడం అన్నాడు మావో. లీగ్ కేంద్ర కమిటీ అభ్యర్థుల జాబితాలో 30 ఏళ్ల లోపువాళ్లు మొదట 9 మందే ఉన్నారని, పార్టీ కేంద్ర కమిటీలో చర్చించి ఆ సంఖ్యను అరవై పైచిలుకుకు పెంచామని, అయినా అది పావు వంతు కంటే కాస్తే ఎక్కువని కూడా చెప్పాడు. యువజన సంఘానికి పెద్దవాళ్లే నాయకులైపోతున్నారన్న సమస్యను ఆయన సూటిగా పట్టుకున్నాడు. బాగుంది. కానీ జాగ్రత్తగా చదవండి. 9ని అరవైకి పెంచింది ఎవరు? లీగ్ సభ్యులు కాదు, పార్టీ కేంద్ర కమిటీ. 9 గంటల నిద్ర సంగతి ఎలా అమలు చేయమన్నాడు? ఆదేశం ఇవ్వండి, చర్చ వద్దు, బలవంతంగానైనా అమలు చేయండి అన్నాడు. యువత మీద ప్రేమ నిజమే, ఆ ప్రేమను నేను శంకించడం లేదు. అయితే యువత పక్షం గురించి మాట్లాడింది కూడా పార్టీయే. వైరుధ్యంలో రెండో పక్షానికి అప్పటికింకా సొంత గొంతు లేదు.

ఆ గొంతు వినిపించినప్పుడు ఏం జరిగిందో 1957 చెబుతుంది. మీ పేపర్‌లో ఎక్కువ చోటు దీనికివ్వండి. ఫిబ్రవరి 27న మావో ప్రజల మధ్య వైరుధ్యాలను ఎలా పరిష్కరించాలో ప్రసంగించాడు. సోషలిస్టు సమాజంలో కూడా ప్రభుత్వానికీ ప్రజలకూ, నాయకులకూ నడిపించబడేవాళ్లకూ మధ్య వైరుధ్యాలుంటాయని, వాటిని శత్రువుతో ఉండే వైరుధ్యంలా చూడకూడదని చెప్పాడు. 1956లో కొన్ని చోట్ల కార్మికులు, విద్యార్థులు సమ్మెలు చేశారని, దానికి ముఖ్యమైన కారణం నాయకత్వపు అధికారదర్పమేనని ఒప్పుకున్నాడు. అధికారంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఈ మాట అనడం అప్పటికి చాలా పెద్ద విషయం. ఆ వసంతంలో పార్టీని విమర్శించండని పిలుపు వచ్చింది.

మే 15న బీజింగ్‌లో లీగ్ మూడో మహాసభ మొదలైంది. మే 19న పెకింగ్ విశ్వవిద్యాలయంలో గోడ మీద ఒక పెద్దక్షరాల పోస్టర్ వెలిసింది. అందులో విప్లవం లేదు, తిరుగుబాటు లేదు. ఒక్కటే ప్రశ్న: ఈ మహాసభకు మన విశ్వవిద్యాలయం నుంచి వెళ్లిన ప్రతినిధులను ఎలా ఎన్నుకున్నారు? అది పడ్డాక వరసగా వందల పోస్టర్లు పడ్డాయి. మే 25న, అదే మహాసభ ముగింపు రోజున, మావో ప్రతినిధులను కలిసి, సోషలిజం నుంచి పక్కకు పోయే ఏ మాటైనా, ఏ చేతైనా పూర్తిగా తప్పేనని చెప్పాడు. కమ్యూనిస్టు యువజన లీగ్ అన్న పేరు తిరిగి పెట్టుకున్నది కూడా ఆ మహాసభలోనే. జూన్ 8న మితవాద (అంటే కుడిపక్ష) వ్యతిరేక ఉద్యమం మొదలైంది. జూన్ 19న ఫిబ్రవరి ప్రసంగం అచ్చయినప్పుడు అందులో ఆరు కొలమానాలు కొత్తగా చేరాయి. ఏ విమర్శ సరైనదో, ఏది కాదో తేల్చే కొలమానాలవి. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనవని చెప్పినవి రెండు: సోషలిస్టు మార్గం, పార్టీ నాయకత్వం. దేశవ్యాప్తంగా సుమారు 5,50,000 మందికి "మితవాది" ముద్ర పడింది. పెకింగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు కూడా అందులో ఉన్నారు. చాలామందికి ఆ ముద్ర 1978 తర్వాత గాని పోలేదు.

ప్రతినిధిని ఎలా ఎన్నుకున్నారని అడగడం ప్రజల మధ్య వైరుధ్యం కాకపోతే ఇంకేది అవుతుంది? ఆ ప్రశ్న శత్రు వైరుధ్యం కిందికి పోయింది. ప్రశ్న స్వభావం మారలేదు. ముద్ర వేసే చేయి ఎవరిదన్నదే తేడా.

ఇది చైనావాళ్ల సంగతి అని పక్కన పెట్టలేను. మా జిల్లా మహాసభ ముందు ఒక డిగ్రీ అమ్మాయి లేచి, "ప్రతినిధుల జాబితా ముందే టైప్ చేసి ఉంది సార్, మేం ఎన్నుకునేది ఏముంది?" అని అడిగింది. వేదిక మీదివాళ్లు నవ్వి, తర్వాత మాట్లాడదాం అన్నారు. తర్వాతి ఏడాది సభ్యత్వ రసీదు పుస్తకం ఆ అమ్మాయికి ఇవ్వలేదు. నేనూ ఆ వేదిక మీదే ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది. మాకు అధికారం లేదు గనక ఆ అమ్మాయికి పోయింది ఒక రసీదు పుస్తకమే.

1966 నుంచి నడిచిన సాంస్కృతిక విప్లవం గురించి బోలెడు పుస్తకాలున్నాయి, నేను వేగంగా దాటుతాను. పార్టీలోని తన ప్రత్యర్థుల మీదికి మావో యువతను నేరుగా కదిలించాడు. 1966 ఆగస్టు 18 నుంచి 8 సార్లు రెడ్ గార్డులను, అంటే తన పిలుపుకు కదిలిన విద్యార్థి దళాలను, కలిశాడు. వచ్చినవాళ్లు మొత్తం కోటి దాటారు. యువజన లీగ్ మూతపడింది, దాని తర్వాతి మహాసభ 1978లో గాని జరగలేదు. వీధుల్లోకి పిలిచిన యువతను ఏం చేయాలో తెలియక, నగరాల్లో ఉద్యోగాలూ లేక, 1968 డిసెంబర్‌లో పల్లెలకు పొమ్మన్నారు. మొత్తం మీద 1.7 కోట్ల మంది వెళ్లారు. సిద్ధాంతం అప్పటికే ఉంది: యువకుడు విప్లవకారుడా కాదా అన్నదానికి కొలత అతను కార్మిక, కర్షక ప్రజలతో కలుస్తాడా లేదా అన్నదేనని మావో 1939లోనే చెప్పాడు.

మన తెలుగు నేల మీద కూడా ఆ కొలతను చదివి కదిలినవాళ్లున్నారు. 1978లో రాడికల్ విద్యార్థి సంఘం "గ్రామాలకు తరలండి" అని పిలుపిచ్చింది. ఆ రాజకీయాలతో మీరు ఏకీభవించవచ్చు, లేకపోవచ్చు. వెళ్లినవాళ్లు తమంతట తాము వెళ్లారు, సెలవులయ్యాక తిరిగి కాలేజీకి వచ్చే దారి ఉంది. చైనాలో నివాస నమోదు నగరం నుంచి పల్లెకు మారిపోయేది. దానితోపాటే రేషనూ మారేది. తిరిగి రావడం చేతిలో లేదు. ఒకే వాక్యం ప్రతిపక్షంలో ఉన్నవాడి నోట పిలుపు అవుతుంది, రాజ్యం నోట ఆజ్ఞ అవుతుంది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, మీ ప్రశ్నలో "అధికారంలో ఉన్న" అన్న మాటకు ఉన్న బరువు ఇదే. ఆ విధానం ఎలా ముగిసిందో కూడా చూడండి. 1978 చివర్లో యునాన్‌లోని షీష్వాంగ్‌బన్నా ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల్లో యువత సమ్మెకు దిగారు, విజ్ఞాపనలతో బీజింగ్ వెళ్లారు. ఆ తర్వాతే వాళ్లను నగరాలకు పోనిచ్చారు. ఆ మార్పును ముందుకు నెట్టింది రెండో పక్షం, యువత.

ఆ 1.7 కోట్ల మందిలో ఒకరు ఇప్పటి నాయకుడు షీ జిన్‌పింగ్. 1969లో 15 ఏళ్ల వయసులో షాన్‌షీ రాష్ట్రంలోని లియాంగ్జియాహే పల్లెకు వెళ్లి సుమారు ఏడేళ్లు ఉన్నారు. తండ్రి మీద పార్టీ వ్యతిరేకి అన్న ముద్ర ఉండటంతో లీగ్‌లో చేరడానికి 8 సార్లు, పార్టీలో చేరడానికి 10 సార్లు దరఖాస్తు పెట్టుకున్నానని ఆయనే చెప్పుకున్నారు.

ఆయన కాలంలో యువజన పనిలో గతితర్కం మళ్లీ బాగా కనిపిస్తుంది. 2015 జులైలో ప్రజాసంఘాల పని మీద పార్టీ సమావేశం జరిగింది. యువజన లీగ్ లాంటి సంఘాలు ఆఫీసుల్లా తయారయ్యాయి, ప్రభుత్వ శాఖల్లా నడుస్తున్నాయి, కులీనుల క్లబ్బులైపోయాయి, వినోద కార్యక్రమాలతో సరిపెడుతున్నాయి అని నాలుగు లోపాలను ఎత్తి చూపింది. నిజాయితీ ఉన్న విమర్శ అది. మరుసటి ఏడాది సంస్కరణ మొదలైంది. అంతకుముందు పాఠశాలల్లో తరగతికి తరగతే సభ్యులైపోయేవాళ్లు. ఇప్పుడు జూనియర్ స్థాయి చివరి తరగతిలో 30 శాతం, సీనియర్ స్థాయిలో 60 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. 2012 చివర్లో సుమారు 9 కోట్లున్న సభ్యత్వం 2021 చివరికి సుమారు 7.37 కోట్లయింది. యువ జనాభా తగ్గడం కూడా ఇందులో కలిసింది. పరిమాణం తగ్గించి గుణం పెంచడం: మీరు బట్టీ పట్టిన సూత్రం ఇక్కడ సభ్యత్వ కోటాగా మారింది. 2017లో 14 నుంచి 35 ఏళ్లవాళ్ల కోసం దీర్ఘకాలిక యువజన అభివృద్ధి ప్రణాళిక వచ్చింది. ఆరోగ్యం, చదువు, ఉపాధి, పెళ్లి అన్నీ అందులో ఉన్నాయి. 1953 నాటి నిద్ర ప్రసంగానికి అది వారసురాలు.

మరి పిల్లలు నిజంగానే మార్క్స్‌ను నమ్మితే? 2018 మార్క్స్ 200వ జయంతి. మే 2న షీ జిన్‌పింగ్ పెకింగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి మార్క్సిజం అధ్యయన విభాగాన్ని చూశారు. మే 4న గ్రేట్ హాల్‌లో మార్క్స్ మీద పెద్ద ప్రసంగం చేశారు. అదే జులైలో షెన్‌జెన్‌లో జాసిక్ కంపెనీ కార్మికులు యూనియన్ పెట్టుకోబోతే ఉద్యోగాలు పోయాయి, అరెస్టులయ్యాయి. పెకింగ్, రెన్మిన్ లాంటి విశ్వవిద్యాలయాల నుంచి మార్క్సిస్టు అధ్యయన బృందాల విద్యార్థులు వాళ్లకు మద్దతుగా వెళ్లారు. "ఐక్యతే బలం" అని రాసిన టీషర్టులు వేసుకున్నారు. ఆగస్టు 24 తెల్లవారుజామున హ్వీజౌలో వాళ్లుంటున్న ఇంటి మీద పోలీసులు పడి సుమారు 50 మందిని పట్టుకుపోయారు. 1939 కొలత ప్రకారం చూస్తే, కార్మికులతో కలిసిన యువత వీళ్లే. పాఠ్యపుస్తకం చెప్పినట్టే చేశారు. 1957లో పోస్టర్ రాసినవాళ్లను మితవాదులన్నారు. వీళ్లను ఆ మాట అనడం కుదరదు, ఎందుకంటే వీళ్లు ఎడమవైపు నుంచి వచ్చారు. ఎటు నుంచి వచ్చినా ఫలితం ఒక్కటే అయిందంటే, వాళ్లు దాటిన గీత సోషలిజానిది కాదు, అధికారానిది.

ఇవాళ ఆ దేశపు యువతలో పెద్ద టెన్షన్ ఉద్యోగం. 2023 జూన్‌లో 16 నుంచి 24 ఏళ్లవాళ్లలో నగర నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది. ఆగస్టు నుంచి ఆ అంకెను ప్రకటించడం ఆపేశారు. తర్వాత విద్యార్థులను లెక్కలోంచి తీసేసి కొత్త పద్ధతిలో 2023 డిసెంబర్‌కు 14.9 శాతం అని ప్రకటించారు. చదువుకుంటున్నవాళ్లను తీసేయడానికి గణాంకపరంగా వాదనలుండవచ్చు, అది వేరే చర్చ. పోటీ మీద పోటీ పెట్టుకుని అలసిపోయి, ఇక పరుగెత్తం, పడుకుండిపోతాం అన్న అర్థంలో "తాంగ్‌పింగ్" అన్న మాట 2021 నుంచి అక్కడి యువత నోట నానింది. పార్టీ జవాబు: యువత అంటే పోరాటం, కష్టపడండి. 1953లో అయితే ముందు ఎన్ని గంటలు పడుకుంటున్నారో అడిగేవాళ్లు.

పేపర్‌కు నా సలహా: 1953 జూన్ 30 ప్రసంగం, 1957 ఫిబ్రవరి ప్రసంగపు అచ్చు ప్రతి, 1916 లెనిన్ వ్యాసం. ఈ మూడూ ముందు పెట్టుకోండి. ప్రతి దాంట్లో "యువత" అన్న పదం వాక్యంలో కర్తగా ఎన్నిసార్లు వచ్చింది, కర్మగా ఎన్నిసార్లు వచ్చిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత పెకింగ్ విశ్వవిద్యాలయంలో మే 19 నుంచి 25 దాకా ఏ రోజు ఏం జరిగిందో, అదే వారంలో మహాసభలో ఏ రోజు ఏం జరిగిందో ఒకే పేజీలో పక్కపక్కన రెండు వరసల్లో రాసుకోండి. పేపర్ అక్కడి నుంచి మొదలుపెట్టండి. రాశాక పంపితే చదివి చెబుతాను.